ప్రభుత్వాసుపత్రికా, ప్రైవేటుకా? విజయవాడ, గుంటూరు రోగుల నిరీక్షణపై తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు నగరాలకు వైద్యం కోసం వచ్చేవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల జిల్లాల వారే. పల్నాడు నుంచో, దివిసీమ నుంచో తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన కుటుంబానికి ఎక్కడికి వెళ్తే ఎంతసేపు పడుతుందన్నది ఆ రోజు కూలి దక్కుతుందా లేదా అన్నంత పెద్ద విషయం. అటువంటి కుటుంబాలు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రభుత్వాసుపత్రిలో రోజంతా పడుతుంది, ప్రైవేటులో గంటలో అయిపోతుంది అంటారు. నిజమేనా?

ఓపీ గది ముందు కూర్చునే సమయం వరకే చూస్తే చాలాసార్లు నిజమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ప్రభుత్వ వైద్యానికి ఎందుకు వెళ్లడం లేదని అడిగినప్పుడు కుటుంబాలు చెప్పిన ప్రధాన కారణాల్లో ఎక్కువసేపు వేచి ఉండవలసి రావడం ఒకటి. అయితే రోగి లెక్కించుకోవలసింది బల్ల మీద కూర్చున్న గంటలను మాత్రమే అనుకుంటే పొరపాటు. బాధ మొదలైన రోజు నుంచి సరైన చికిత్స అందిన రోజు వరకు గడిచిన కాలమంతా నిరీక్షణే.

ఉదాహరణకు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీకి కడుపులో నొప్పి వచ్చిందనుకోండి. మొదట వీధిలోని ఆర్ఎంపీ దగ్గర ఇంజక్షన్ వేయించుకుంటాడు, తగ్గకపోతే కొత్తపేటలో ఒక క్లినిక్కుకు వెళ్తాడు, అక్కడ రాసిన స్కానింగుకు డబ్బు సర్దుకునేసరికి వారం గడుస్తుంది, ఆపరేషన్ అవసరమని తేలాక ఆ ఖర్చు విని చివరికి జీజీహెచ్‌కు, అంటే ప్రభుత్వ సర్వజనాసుపత్రికి చేరుకుంటాడు. అతను చూపించుకున్న ప్రతి చోటా డాక్టరు త్వరగానే చూసి ఉండవచ్చు, కాని చికిత్స మాత్రం నెల ఆలస్యమైంది. మొదటి రోజే జీజీహెచ్‌లో పూటంతా కూర్చుని ఉంటే అతని నిరీక్షణ నిజానికి తగ్గేది. అదే సమయంలో, రెండు రోజుల జ్వరానికి పెద్దాసుపత్రి వరుసలో నిలబడటం వల్ల ఏ లాభమూ లేదు. కాబట్టి ఏ జబ్బుకు, ఏ దశలో, ఎక్కడికి అని అడగడమే సరైన పద్ధతి.

జీజీహెచ్‌లో ఓపీ చూపించుకోవడానికి అంతసేపు ఎందుకు పడుతుంది?

ఒక్క వరుస అనుకుని వెళ్లినవారికి నాలుగైదు వరుసలు ఎదురుకావడమే దీనికి ముఖ్య కారణం. నమోదు కౌంటర్లో ఓపీ చీటీ, డాక్టరు గది, రక్త నమూనా ఇచ్చే చోటు, ఎక్స్‌రే లేదా స్కానింగ్ గది, రిపోర్టు తీసుకున్నాక మళ్లీ డాక్టరు గది, చివరగా మందుల కౌంటరు. వీటిలో ఏ ఒక్కచోట ఆలస్యమైనా, రిపోర్టు చేతికొచ్చేసరికి ఓపీ వేళ ముగిసిపోయి, మర్నాడు రమ్మంటారు.

రెండో కారణం రద్దీ అంతా పొద్దున్నే కమ్ముకోవడం. దూరప్రాంతాల నుంచి మొదటి బస్సుకు వచ్చేవారు, పరగడుపున చేయించుకోవలసిన పరీక్షలున్నవారు, సాయంత్రానికి ఊరు చేరాలనుకునేవారు అందరూ ఒకే రెండు గంటల్లో కౌంటరు ముందు చేరతారు. మూడోది, బోధనాసుపత్రి స్వభావం. గుంటూరు వైద్య కళాశాల 1946లో మొదలైంది. దానికి అనుబంధంగా ఉన్న జీజీహెచ్‌కు గానీ, సిద్ధార్థ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న విజయవాడ జీజీహెచ్‌కు గానీ వెళ్లినప్పుడు మొదట హౌస్ సర్జనో, పీజీ విద్యార్థో వివరాలు అడిగి రాసుకుంటారు, ఆ తరువాత అసిస్టెంట్ ప్రొఫెసరు, అవసరమైతే ప్రొఫెసరు చూస్తారు. చెప్పిందే మళ్లీ చెప్పవలసి వస్తోందని రోగులు విసుక్కుంటారు గానీ, క్లిష్టమైన జబ్బుల్లో ఒకరికి తట్టని సంగతి మరొకరికి తట్టడం ఈ పద్ధతి వల్లనే సాధ్యమవుతుంది.

వీటన్నిటికంటే మమ్మల్ని బాధించే కారణం వేరే ఉంది. పట్టణ ఆరోగ్య కేంద్రంలోనో, ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో తేలిపోయే బీపీ, షుగరు మందుల చీటీల కోసం వేలమంది నేరుగా పెద్దాసుపత్రికి వస్తున్నారు. దగ్గర్లోని కేంద్రంలో మందులు అయిపోవడమో, డాక్టరు లేకపోవడమో ఒకసారి ఎదురైతే చాలు, ఆ కుటుంబం మళ్లీ అక్కడికి వెళ్లదు. ఆ తప్పు రోగిది కాదు. కింది స్థాయి కేంద్రాలు నమ్మకంగా పనిచేసినప్పుడే జీజీహెచ్ వరుస పొట్టిదవుతుంది.

వెళ్లేముందు ఏం చూసుకుంటే సమయం కలిసివస్తుంది?

అన్నిటికంటే ముందు యూనిట్ రోజు తెలుసుకోండి. జనరల్ మెడిసిన్, సర్జరీ, ఆర్థోపెడిక్స్ వంటి పెద్ద విభాగాలు యూనిట్లుగా విడిపోయి, ఒక్కో యూనిట్ వారంలో తనకు కేటాయించిన రోజుల్లో మాత్రమే ఓపీ చూస్తుంది. మొదటిసారి సోమవారం చూపించుకున్నవారు మళ్లీ బుధవారం వెళ్తే, కొత్త డాక్టర్ల ముందు కథ మొదటి నుంచి చెప్పవలసి వస్తుంది. ఓపీ చీటీ మీద యూనిట్ పేరు, మళ్లీ రావలసిన రోజు రాయించుకోవడం ఒక్కటే చాలా తిరుగుళ్లను తప్పిస్తుంది. గుండె, మూత్రపిండాలు, నరాల వంటి ప్రత్యేక విభాగాలకైతే ఓపీ రోజులు మరీ తక్కువ కాబట్టి, బయల్దేరేముందే కనుక్కోవాలి.

రెండోది, ఆభా సంఖ్య. 2021 సెప్టెంబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే ఈ 14 అంకెల ఆరోగ్య ఖాతా ఉన్నవారు, ఆ సౌకర్యం ఏర్పాటు చేసిన ఆసుపత్రుల్లో క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేసి ఓపీ టోకెన్ పొందవచ్చు. స్మార్ట్ ఫోను లేని వృద్ధులకు ఇది ఉపయోగపడదు, వారి కోసం మామూలు కౌంటర్లు తగినన్ని ఉండితీరాలి.

విజయవాడ వెళ్లేవారు మరో సంగతి గమనించాలి. హనుమాన్‌పేటలోని పాత ప్రభుత్వాసుపత్రి, కొత్త ప్రభుత్వాసుపత్రి వేర్వేరు చోట్ల ఉన్నాయి. ఏ విభాగం ఏ ఆవరణలో ఉందో అడగకుండా ఆటో ఎక్కితే ఓపీ వేళ దారిలోనే అయిపోవచ్చు.

ప్రైవేటులో అపాయింట్‌మెంటు తీసుకున్నా గంటల తరబడి ఎందుకు కూర్చోబెడతారు?

సూర్యారావుపేటలో గానీ, గవర్నరుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ పేరున్న డాక్టరు ఒక్కచోటే ఉండరు. పొద్దున ఆపరేషన్లు, తరువాత వార్డులో రౌండ్లు, మధ్యలో మరో ఆసుపత్రికి పిలుపు, ఆ తరువాత ఓపీ. ఈ వరుసలో ఏది సాగినా చివరనున్న ఓపీ మీదే దాని భారం పడుతుంది. వారానికో, నెలకో ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చి చూసే నిపుణుల దగ్గరైతే ఆ ఒక్క రోజుకే రోగులందరికీ టోకెన్లు ఇస్తారు. ఒకే వేళకు చాలామందికి సమయం ఇచ్చే అలవాటు కూడా ఉంది.

ఒక తేడా మాత్రం ఒప్పుకోవాలి. ప్రైవేటులో కూర్చోవడానికి కుర్చీ, తాగడానికి నీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటాయి. మీ ముందు ఎంతమంది ఉన్నారో అడిగితే చెప్పే మనిషి ఉంటారు. రెండుచోట్లా రెండేసి గంటలు కూర్చున్నా, ఎంతసేపో తెలిసి కూర్చోవడం వేరు, ఏమీ తెలియక నిలబడటం వేరు. ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ల సంఖ్య పెరగడానికి ఏళ్లు పట్టవచ్చు గానీ, గది ముందు టోకెన్ సంఖ్య కనిపించే బోర్డు, నాలుగు బల్లలు, దారి చూపే ఒక సహాయకుడు ఉండటానికి అంత కాలం అక్కర్లేదు.

ప్రాణాపాయం ఉన్నప్పుడు ఎటు వెళ్లాలి?

ఇక్కడ వరుస సంఖ్య పనిచేయదు, పనిచేయకూడదు. క్యాజువాలిటీలో ఎవరు ముందు వచ్చారన్నదాని కంటే ఎవరి పరిస్థితి విషమంగా ఉందన్నదే చూస్తారు. చెయ్యి విరిగినవారిని ఆపి, ఊపిరాడనివారిని ముందు తీసుకుంటే దాన్ని అన్యాయంగా భావించవద్దు.

గుండెపోటు, పక్షవాతాల్లో ప్రతి నిమిషమూ విలువైనదే. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ సీటీ స్కాన్ చేసి రక్తస్రావం లేదని తేల్చుకున్న తరువాతే. కాబట్టి మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పసరు మందులకు, తెలిసినవారి సలహాలకు ఆగకుండా, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రుల్లో ఏది దగ్గరైతే దానికి వెళ్లాలి. అది ప్రభుత్వానిదా ప్రైవేటుదా అన్న ఆలోచన ఆ గంటలో అవసరం లేదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో మొదలైన 108 అంబులెన్సుకు ఫోను చేస్తే, దారిలోనే ప్రాథమిక చికిత్స మొదలవుతుంది.

కొన్ని ఆపదల్లో ప్రభుత్వాసుపత్రికి ముందు వెళ్లడమే మంచిదని మా అభిప్రాయం. డెల్టా పొలాల్లో వరి కోతల వేళ పాము కాట్లు ఎక్కువ. విరుగుడు ఇంజక్షన్ ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం, దాన్ని తరచుగా ఇచ్చిన అనుభవమూ అక్కడి సిబ్బందికి ఉంటుంది. కాటు పైన తాడు బిగించి కట్టడం, గాటు పెట్టడం మాని, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి తీసుకువెళ్లాలి. కుక్క కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 28 రోజుల్లో మోతాదులు వేస్తారు. పురుగుమందు తాగినవారి విషయంలోనూ పెద్ద ప్రభుత్వాసుపత్రుల అనుభవం ఎక్కువ.

రోడ్డు ప్రమాదం జరిగినప్పుడు పోలీసు కేసు అవుతుందన్న సాకుతో ఏ ఆసుపత్రీ ప్రాథమిక చికిత్స నిరాకరించడానికి వీల్లేదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది, అది ప్రభుత్వ డాక్టర్లకూ ప్రైవేటు డాక్టర్లకూ సమానంగా వర్తిస్తుంది. 2025 మే నెలలో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పథకం ప్రకారం, రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు 1.5 లక్షల రూపాయల దాకా గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో నగదు చెల్లించకుండా చికిత్స అందాలి.

మంగళగిరి ఎయిమ్స్ ఈ రెండింటికీ మధ్యలోదా?

అది పూర్తిగా కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2019 మార్చిలో ఓపీ సేవలు మొదలయ్యాయి, 2024 ఫిబ్రవరి 25న ప్రధానమంత్రి దాన్ని జాతికి అంకితం చేశారు. నమోదు రుసుము నామమాత్రమే. ఆన్‌లైన్లో ముందుగా అపాయింట్‌మెంటు తీసుకుని వెళ్లవచ్చు. ఊరికి దూరంగా కొండ పక్కన ఉండటంతో రానుపోను సమయం కూడా లెక్కలో వేసుకోండి. జబ్బు ఏమిటో తేలనప్పుడు, రెండో అభిప్రాయం కావాలనుకున్నప్పుడు అక్కడికి వెళ్లడం మంచిది. అర్ధరాత్రి ఆపదలో మాత్రం దగ్గరున్న ఆసుపత్రే మేలు.

ఎన్టీఆర్ వైద్యసేవ కింద ప్రైవేటుకు వెళ్తే త్వరగా అవుతుందా?

2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ఈ పథకం ప్రభుత్వాలతో పాటు పేర్లు మార్చుకుంటూ ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. కుటుంబానికి ఏటా చికిత్స పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షల రూపాయలకు పెంచారు. చాలా కుటుంబాలకు ప్రైవేటు ఆసుపత్రి గుమ్మం తెరిచింది ఈ పథకమే. ఆ మేలును తక్కువ చేసి చూడలేము.

అయితే ఇక్కడా నిరీక్షణ ఉంది, దాని రూపం వేరు. ఆపరేషన్‌కు ముందుగా పథకాన్ని నడిపే ట్రస్టు ఆమోదం రావాలి, దానికి పరీక్షల రిపోర్టులు పంపాలి. అత్యవసరమైతే ఫోను ద్వారా ఆమోదం తీసుకునే ఏర్పాటు ఉంది, కాబట్టి ప్రాణాపాయంలో ఉన్న రోగిని ఆమోదం రాలేదని ఆపుతుంటే ఆ సంగతి గట్టిగా అడగండి. ఆసుపత్రిలో పథకం రోగులకు సాయపడే ఉద్యోగి అయిన ఆరోగ్యమిత్రను వెళ్లగానే కలవండి. మీ జబ్బు పథకంలో ఉందా, ఆ ఆసుపత్రికి ఆ విభాగంలో అనుమతి ఉందా అన్నది ఆయన చెబుతారు. పథకంలో ఉన్న చికిత్సకు విడిగా డబ్బు అడిగితే 104కు ఫోను చేయవచ్చు.

ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు, అంటే పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రులు, పథకం సేవలను ఆపివేసిన సందర్భాలు 2024, 2025 సంవత్సరాల్లో వచ్చాయి. బకాయిల వివాదంలో ఆసుపత్రుల వాదనకు బలం ఉండవచ్చు. కాని డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు రావలసిన ఎ.కొండూరు మండలపు కిడ్నీ రోగి ఆ వాదన తేలేవరకు ఆగలేడు. అలాంటి రోజుల్లో ఆదుకునేది ప్రభుత్వాసుపత్రే కనుక, దీర్ఘకాలిక రోగులు అక్కడ కూడా తమ పేరు, రికార్డు ఉండేలా చూసుకోవడం అవసరం.

ఆపరేషన్‌కు తేదీ ఎందుకు అంత దూరం వేస్తారు?

ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ థియేటరు, మత్తు డాక్టరు, ఐసీయూ మంచం మూడూ ఒకేరోజు దొరకాలి. అత్యవసర కేసు వస్తే ముందుగా తేదీ ఇచ్చిన హెర్నియా, మోకాలి ఆపరేషన్లు వెనక్కి జరుగుతాయి. రక్తహీనత, అదుపులో లేని షుగరు కారణంగా వాయిదా పడేవి కూడా తక్కువేమీ కాదు. తేదీకి రెండు వారాల ముందే హిమోగ్లోబిన్, షుగరు సరిచూపించుకుంటే ఆ భాగం మన చేతిలో ఉంటుంది. ప్రైవేటులో తేదీ త్వరగా దొరుకుతుంది, అయితే అంత తొందర అవసరమా అని అడగడం రోగి హక్కు. ఆగదగిన ఆపరేషన్ అయితే రెండో డాక్టరు అభిప్రాయం తీసుకోవడానికి వ్యవధి ఎప్పుడూ ఉంటుంది.

ప్రసవానికి ఎక్కడ మంచిది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన ప్రసవాల్లో 63 శాతం సిజేరియన్లు. ప్రభుత్వాసుపత్రుల్లో అది 26.6 శాతం. క్లిష్టమైన కేసులే ప్రైవేటుకు వెళ్తాయని చెప్పి ఇంత తేడాను సమర్థించడం కష్టం, ఎందుకంటే ప్రమాదకరమైన కాన్పులను చివరి నిమిషంలో పంపించేది తరచుగా పెద్ద ప్రభుత్వాసుపత్రికే. సహజ కాన్పుకు ఓపిగ్గా వేచి ఉండటం కూడా వైద్యంలో భాగమే. ఆ ఓపిక ఉన్నచోటును ఎంచుకోమని కోడళ్లకు, కూతుళ్లకు చెప్పే అత్తలు, అమ్మలు మనకు కావాలి.

అదే సమయంలో ప్రసూతి వార్డుల్లో నొప్పులు పడుతున్న ఆడపిల్లలను కసురుకోవడం, ఒకే మంచం మీద ఇద్దరిని పడుకోబెట్టడం వంటి చేదు అనుభవాలు ప్రభుత్వాసుపత్రుల గురించి ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. ఉచితం కదా అని వాటిని సహించమనడం న్యాయం కాదు. ప్రసవం తరువాత తల్లీబిడ్డలను ఉచితంగా ఇంటికి చేర్చే తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ వాహనం గురించి డిశ్చార్జికి ముందే నర్సును అడగండి.

ప్రభుత్వాసుపత్రి అంటే మా ఇంట్లో భయపడతారు. ఆ భయం సమంజసమేనా?

భయానికి కారణాలు ఉన్నాయి. 2015 ఆగస్టులో గుంటూరు జీజీహెచ్‌లో ఎలుకలు కరిచిన పసికందు మరణించింది. ఆ సంఘటనను ఈ ప్రాంతం మరచిపోలేదు, మరచిపోకూడదు కూడా. ఆ మరుసటి సంవత్సరమే, 2016లో, అదే ఆసుపత్రిలో గుండె మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. ఈ రెండూ ఒకే ఆసుపత్రికి చెందిన నిజాలే. వైద్యుల నైపుణ్యం ఒక స్థాయిలో, పారిశుధ్యం, సిబ్బంది సంఖ్య, పర్యవేక్షణ మరో స్థాయిలో ఉండటమే మన ప్రభుత్వాసుపత్రుల అసలు సమస్య. డాక్టరు మీద నమ్మకం ఉంచి, వార్డు శుభ్రత గురించి మాత్రం మొహమాటం లేకుండా నిలదీయండి.

ప్రైవేటులో డిశ్చార్జి రోజున సాయంత్రం దాకా ఎందుకు ఆపుతారు?

బీమా ఉన్నవారికి ఎక్కువగా ఎదురయ్యే ఇబ్బంది ఇది. పొద్దున డాక్టరు ఇంటికి వెళ్లమన్నా, తుది బిల్లు తయారై బీమా సంస్థకు వెళ్లి ఆమోదం రావాలి. 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన ఆదేశాల ప్రకారం నగదురహిత చికిత్సకు మొదటి ఆమోదంపై గంటలో, డిశ్చార్జి ఆమోదంపై 3 గంటల్లో నిర్ణయం తెలపాలి. అంతకు మించిన ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ మొత్తాన్ని బీమా సంస్థే భరించాలి. ఆసుపత్రి బిల్లు ఎప్పుడు పంపిందో ఆ వేళను అడిగి రాసుకుంటే, ఆలస్యం ఎవరి వల్ల జరిగిందో తేలుతుంది.

ఖర్చులో తేడా నిజంగా ఎంత ఉంటుంది?

2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం, ప్రసవాలు కాకుండా, ఆసుపత్రిలో చేరినప్పుడు దేశం మొత్తం మీద సగటు వైద్య ఖర్చు ప్రభుత్వాసుపత్రిలో 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 రూపాయలు. అంటే ఏడు రెట్లకు పైగా. ఇవి పాత లెక్కలు, అయినా ప్రభుత్వాసుపత్రిలో కూడా ఖర్చు సున్నా కాదన్న సంగతి వీటిలో కనిపిస్తుంది. బయట కొనమన్న మందులు, రోగి వెంట ఉన్నవారి భోజనం, పోయిన కూలి దానికి తోడవుతాయి. స్ట్రెచరు తోసినందుకు, బిడ్డను చూపించినందుకు చేయి చాచేవారిని గురించి అడగనవసరం లేనంతగా అందరికీ తెలుసు. అది లంచమే. అవినీతి నిరోధక శాఖ టోల్ ఫ్రీ సంఖ్య 1064.

మా రిపోర్టులు, కేసు షీటు నకలు అడిగితే ఇవ్వాలా?

ఇవ్వాలి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం రోగి గానీ, అతని తరఫువారు గానీ అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు అందించాలి. ఇది రెండు రకాల ఆసుపత్రులకూ వర్తిస్తుంది. ఒకచోట చేసిన స్కానింగును మరోచోట మళ్లీ చేయించే అవస్థ తప్పాలంటే, ప్రతి కాగితాన్నీ తేదీల వరుసలో ఒకే ఫైల్లో ఉంచి, ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకోండి.

అన్యాయం జరిగితే ఎవరికి చెప్పుకోవాలి?

ప్రభుత్వాసుపత్రిలో మొదట ఆర్ఎంఓకు (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు), తరువాత సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఇవ్వండి. అక్కడ పని జరగకపోతే, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టవచ్చు. ప్రైవేటు ఆసుపత్రులు 2002 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం నమోదు చేసుకుని ఉండాలి కాబట్టి, వాటిపై ఫిర్యాదును జిల్లా వైద్య, ఆరోగ్య శాఖాధికారికి ఇవ్వాలి. డబ్బు చెల్లించి పొందిన వైద్యంలో లోపం ఉంటే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చని 1995లోనే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అందరికీ పూర్తిగా ఉచితంగా చూసే ప్రభుత్వాసుపత్రికి మాత్రం ఆ మార్గం వర్తించదు. అందుకే అక్కడ రాతపూర్వక ఫిర్యాదుకు విలువ మరింత ఎక్కువ.

ఫిర్యాదులో కోపం కంటే వివరాలు ముఖ్యం. ఓపీ సంఖ్య, తేదీ, వార్డు, ఎన్ని గంటలకు వచ్చారు, ఎన్ని గంటలకు ఎవరు చూశారు అన్నవి రాసి, రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకదాని మీద కార్యాలయం ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి. చికిత్స ఇంకా జరుగుతుండగా ఫిర్యాదు చేస్తే డాక్టర్లు పగబడతారేమోనని సంకోచించేవారు, రోగి ఇల్లు చేరాక అయినా తప్పక ఇవ్వాలి.